తోటకు చెట్టు నెన్నుకొనుట
సీమకు తగిన ఫలవృక్షములను గూర్చి రైతులకు కొన్ని సూచనలు

పైరు విషయమున పొరపాటు జరిగినచో ఆ నష్టము ఒక్క యేటితో తీరును. జొన్న చల్లి చెడిన చేనిలో మరుసటి యేడు కంది చల్లవచ్చును. తోట యట్టిది కాదు. అంటుమామిడి నాటిన నాలుగైదేండ్లకు గాని చెప్పుకొనదగిన కాపు రాదు. బత్తాయికి అయిదేండ్లు పట్టును. నాటు కొబ్బరికి ఆరు మొదలు ఎనిమిదేండ్లు కావలెను. ఇన్నేండ్లును ఆ నేల మీద రాబడి స్వల్పము. బావికిని, కంచెకును, కూలికిని అగు వ్యయము మెండు. నాటిన చెట్టు ఆ సీమకు తగదని ఆరవ యేట తెలిసినచో మొక్కల వెలతో పాటు ఆరేండ్ల కాలము కూడ పోయినట్లే. కాబట్టి గుంత తీయుటకు ముందు చేయు విచారణయే తోటపనిలో అన్నిటికంటె విలువగలది. దానికి ఖర్చు కూడ లేదు.

చెట్టు బ్రతుకుట వేరు, కాచుట వేరు. ఈ భేదమును గమనింపకపోవుటచేతనే పలువురు మోసపోవుచున్నారు. లిచ్చీ మొక్కను తెలంగాణమున పెరటిలో నాటి నీరు పోసినచో అది చక్కగ పెరుగును, చిగుర్చును, నీడ నిచ్చును. కాని అది పూయుటకు పొడిగాలితో గూడిన దీర్ఘమైన చలికాలము కావలెను. బీహారమున ముజఫర్‌పూరు పరిసరములలో అట్టి చలి గలదు. మన మైదానములలో చలి కొలది వారములే యుండుటచే ఆ చెట్టు పూతకు బదులు ఆకునే వేయుచు పోవును. ఆకు పచ్చగ నున్నంత మాత్రమున సీమ సరిపడినదని తలపరాదు. అమ్మకపువాడు చూపునది ఆకు. రైతు అడుగవలసినది పూత.

వాన యెప్పుడు పడును?

ఏటికి సగటున ఇంత వాన యను లెక్క తోటవానికి కొంతమట్టుకే పనికి వచ్చును. నెల్లూరు సీమ వానయు, కరీంనగరు సీమ వానయు ఏడాది మొత్తమున 1,000 మిల్లీమీటర్లకు ఇటు నటుగ నుండును. కాని కరీంనగరున ఆ వానలో అధికభాగము మృగశిర కార్తె మొదలు ఉత్తర కార్తె ముగియు లోపల, నైరృతి ఋతుపవనముతో పడిపోవును. నెల్లూరున సగమునకు మించి ఆశ్వయుజ కార్తిక మార్గశిరములలో, ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. మామిడి కొమ్మ ఎదుగుదల నాపి విశ్రమింపవలసిన కాలము సరిగ నదియే. అప్పుడు కరీంనగరు నేల ఆరుచుండును, నెల్లూరు నేల తడియుచుండును. మొత్తము ఇంచుమించు సమానమైనను చెట్టునకు ఇవి రెండు వేరు దేశములు.

అందుచేత రైతు మండల కార్యాలయమునందలి వర్షమాపకపు లెక్కను అడిగి, గడచిన పదేండ్ల వానను నెలల వారీగ వ్రాసికొనవలెను. ఇప్పుడు అనేక మండలములలో స్వయముగ నమోదు చేయు వాతావరణ యంత్రములు కూడ నెలకొల్పబడినవి. వాని వలన ఎండ, చలి, గాలిలోని తేమ సైతము తెలియును. ఆ పదేండ్లలో మంచి యేటిని చూచి మురియుట కంటె చెడ్డ యేటిని గుర్తుంచుకొనుట మేలు. బత్తాయి గాని మామిడి గాని పలు దశాబ్దములు నిలువవలసిన చెట్టు. ఆ కాలములో అట్టి చెడ్డ యేండ్లు కొన్ని వచ్చియే తీరును. మిక్కిలి వాన తక్కువైన యేట, వైశాఖమాసమున బావిలో నెంత నీరు మిగిలెనో ఆ నీటికి సరిపడునన్ని చెట్లనే నాటవలెను. నిండు బావిని చూచి మొక్కలు కొనుట శ్రావణమున చెరువును చూచి వేసవి వరి నాటుట వంటిది.

పరిశోధన నిమిత్తము ఆంధ్రప్రదేశమును ఆరు వాతావరణ విభాగములుగను, తెలంగాణమును మూడు విభాగములుగను ఏర్పరచియున్నారు. ఒక్కొక్క దానికి ఒక ప్రాంతీయ పరిశోధన స్థానము గలదు. ఉత్తర కోస్తాకు అనకాపల్లి, గోదావరి విభాగమునకు మారుటేరు, కృష్ణా విభాగమునకు గుంటూరు చెంతనున్న లాం, దక్షిణ విభాగమునకు తిరుపతి, అల్పవర్ష విభాగమునకు నంద్యాల, ఎత్తైన మన్యపు విభాగమునకు చింతపల్లి. తెలంగాణమున ఉత్తరమునకు జగిత్యాల, మధ్యభాగమునకు వరంగల్లు, దక్షిణమునకు పాలెము. తన గ్రామము ఏ విభాగమునకు చేరునో తెలిసికొనుట మొదటి మెట్టు. అయినను ఈ హద్దులు జిల్లాల మీద గీచిన గీతలు. ఒకే గ్రామమున గుట్టవాలు నేల వేరు, చెరువు క్రింది నేల వేరు, పడమటి వడగాలి నేరుగ తగులు మిట్ట వేరు. ఆ భేదములను పటము చూపజాలదు. ఆ నేలను దున్నినవానికే తెలియును.

మామిడి

మామిడి తెలుగుదేశమున దాదాపు ప్రతి సీమలోను పండును గనుక దీనికి సీమను విచారింప నక్కరలేదని కొందరందురు. చెట్టు మట్టుకు నిజమే. పూత మట్టుకు నిజము కాదు.

మామిడి కొమ్మ చిగుర్చిన పిదప మూడు నాలుగు నెలలు ముదిరి, నేల ఆరి, రాత్రులు చల్లబడినప్పుడు కొనయందలి మొగ్గ పూతమొగ్గగ మారును. ఈ మూటిలో ఏది తప్పినను మొగ్గ ఆకుమొగ్గగనే మిగులును. ఆశ్వయుజమున చిగుర్చిన కొమ్మ పుష్యమాసమునకు ముదరదు. కనుకనే కాయలు కోసిన వెంటనే, తొలకరిలో ఎండుపుల్లలు తీసి ఎరువు వేయుమని చెప్పుదురు. చిగురు శ్రావణములోగా రావలెను. ఇక నీటి సంగతి. బోరు నీరు చేతిలో నున్నది గదా యని కార్తిక మార్గశిరములలో కాపు చెట్లకు తడులిచ్చు రైతు తన పూతను తానే ఆకుగ మార్చుకొనుచున్నాడు. ఆ రెండు నెలలును నీరు పూర్తిగ నిలిపి, పిందె బఠాణి గింజ యంత యైన పిదప మరల మొదలు పెట్టవలెను. తోటలో అంతరపంటగ ఆ కాలమున నీటిపైరు వేయుటయు ఇట్టి తప్పే.

పూత వచ్చిన తరువాత దానికి శత్రువు మంచు. పగలు వెచ్చగ నుండి రాత్రి చల్లబడి, తెల్లవారుజామున పొగమంచు పట్టు దినములలో బూడిద తెగులు పూతనెల్ల తెల్లగ కప్పును. తేనెమంచు పురుగు గుబురుగ నీడ గ్రమ్మిన తోటలను వెదకికొనును. చుట్టును వరిమళ్లున్న పల్లపు నేలలో ఈ రెండును హెచ్చు. అదే గ్రామమున గాలి యాడు మిట్ట చెల్కలో తక్కువ. మామిడికి మిట్టయు, వరికి పల్లమును అను పూర్వుల యేర్పాటు ఊరక వచ్చినది కాదు.

రకముల విషయమున ఒక్కొక్క సీమ ఒక్కొక్క దానిని ఎన్నుకొన్నది. ఉత్తర కోస్తాలో సువర్ణరేఖ తొందరగ పక్వమునకు వచ్చి, తక్కిన కాయలు అంగడికి రాకముందే అమ్ముడుపోవును. నూజివీడు ప్రాంతమున చిన్నరసము, పెద్దరసము. గోదావరి జిల్లాలలో కొత్తపల్లి కొబ్బరి. చిత్తూరు సీమలో గుజ్జు కర్మాగారముల నిమిత్తము తోతాపురి. బంగినపల్లికి ఆ పేరు 1948 వరకు సంస్థానముగ నుండిన బనగానపల్లె వలన వచ్చినది; 2017 లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. తెలంగాణమున దీనినే బేనిషాన్ అందురు. కొల్లాపురము తోటలు దీనికి ప్రసిద్ధములు. ఇన్ని సీమలలో నిలకడగ కాచు రకము మరియొకటి అరుదు. క్రొత్తగ తోట వేయువాడు తన నేలలో అధికభాగమును ఇట్టి నిలకడగల రకమునకిచ్చి, ముచ్చట కొరకు పది చెట్లు వేరు రకములు వేసికొనవచ్చును. రత్నగిరి ఆల్ఫాన్సో పేరు విని ఎకరములకు ఎకరములు నాటుట ముచ్చట క్రిందికి రాదు. అది కొంకణపు సముద్రపు గాలిలో, లాటరైటు నేలలో పేరు గడించిన ఫలము. అక్కడనే ఒక యేడు కాచి ఒక యేడు మానుట దాని స్వభావము. ఇచట ఆ రుచి, ఆ రంగు కుదురుట అరుదు.

పది మీటర్ల యెడముతో నాటినచో ఎకరమునకు 40 మామిడి చెట్లు పట్టును. దగ్గర దగ్గరగ నాటి యేటేట కొమ్మలు కత్తిరించు పద్ధతి యిప్పుడు వ్యాపించుచున్నది. కత్తిరించు ఓపిక గలవారికే అది మేలు. లేనివారి తోట పదేండ్లలో చీకటి కోన యగును.

బత్తాయి, నిమ్మ

తెలంగాణమున బత్తాయి యనియు, అనంతపురము కడప సీమలలో చీనీ యనియు పిలువబడు చెట్టు ఒక్కటే. మన తోటలలో నున్నది ప్రాయికముగ సాత్‌గుడి రకము. వాన తక్కువై, గాలి పొడిగ నుండి, నేల ఎర్రగ లోతుగ నున్నచోట దీనికి సుఖము. నల్లగొండ, అనంతపురము దీనికి పేరు పొందుటకు కారణమిదియే. పండిన తరువాత కూడ తొక్క పచ్చగ మిగులుట చూచి కొందరు రకము మంచిది కాదని శంకింతురు. నారింజ జాతి పండ్లకు పసుపు వన్నె రాత్రి చలివలన కలుగును. నాగపురపు సంత్రాకు ఆ చలి దొరకును, మన సీమలలో అంత దొరకదు. రసమునకు లోపము లేదు.

ఈ చెట్టును ఎండ చంపదు. నిలిచిన నీరు చంపును. వేళ్ల చుట్టును నీరు నిలిచినచో మొదట బంక కారును, పిదప కొమ్మ కొమ్మగ ఎండును. ఆరవ యేట నవనవలాడిన తోట పదవ యేటికి కళ తప్పుటకు సామాన్యముగ నేలయే కారణము, లేదా నీరు కట్టిన విధము. బరువైన రేగడియు, రెండు మూడడుగుల లోతున సుద్ద పొరగల నేలయు బత్తాయికి తగవు. రంగపూరు నిమ్మ వేరు మీద కట్టిన అంటులను అడిగి తీసికొనవలెను. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన నుండవలెను. ఆ కట్టు మట్టిలో పూడినచో బంక తెగులునకు తలుపు తెరచినట్లే. పాదు నీరు మొదలునకు తగులకుండ లోపల నొక కట్ట, వెలుపల నొక కట్ట వేసి, నడుమ నీరు పారించుట పూర్వపు పద్ధతి. బిందుసేద్యము గలవారు గొట్టములను మొదలునకు దూరముగ జరుపవలెను.

చెల్క నేలకు మరియొక గుణము గలదు. పూత రప్పించుటకై చెట్టును కొన్నాళ్లు ఎండబెట్టుట బత్తాయి రైతులెరిగిన పని. చెల్కలో నీరు నిలిపిన కొలది వారములలోనే ఆకు వాడి, చెట్టు విశ్రమించును. మరల నీరిచ్చినచో చెట్టంతయు ఒక్కసారి పూయును. రేగడిలో రెండు నెలలు నిలిపినను నేల చల్లగనే యుండును. పూత ముక్కలు ముక్కలుగ వచ్చి, కాపు పలు కోతలకు చీలి, కొనుగోలుదారుని ముందు రైతు పట్టు సడలును.

ఇన్ని మేళ్లు గల సీమలోనే బత్తాయి తోటలు నీరు లేక చచ్చిన సంగతిని మరువరాదు. 2015-16 నాటి వానలేమిలో నల్లగొండ, అనంతపురము జిల్లాలలో బోరుబావులెండి, కాపు మీదనున్న తోటలు నిలువున నెండెను. ట్యాంకరులతో నీరు తెచ్చి పోసినవారును గలరు. ఆరు మీటర్ల యెడముతో ఎకరమునకు 110 చెట్లుండును. అయిదెకరముల నీటి తోడ ఎనిమిదెకరములు నాటినవాడు అట్టి యేట మూడెకరములను కాక ఎనిమిదింటిని పోగొట్టుకొనును, ఏలయన నీటిని పంచినకొలది ఏ చెట్టునకును చాలదు.

నిమ్మకు గూడూరు, పొదలకూరు ప్రాంతములు ప్రసిద్ధములు. వానలు విస్తారముగ పడు చోట్ల దీనికి గజ్జి తెగులు హెచ్చు. కాయ మీద మచ్చ పడినచో వెల సగమగును. వేసవిలో కాయ నందించగలవానికే నిమ్మ లాభసాటి. అనగా వేసవిలో నీరు గలవానికే.

కొబ్బరియు, సముద్రపు గాలియు

కోనసీమ కొబ్బరిని చూచి వచ్చి ఖమ్మము సీమలో కొబ్బరి నాటవచ్చునా యని అడుగు రైతులు గలరు. నాటవచ్చును. నీరుండినచో చెట్టు పెరిగి కాచును. కాని వడగాలి తగిలిన యేట పిందెలు రాలును; నల్లి హెచ్చి కాయలు గిడసబారును. కొబ్బరి గెల చెట్టు మొవ్వులో రూపు కట్టినది మొదలు కాయ ముదురువరకు మూడేండ్లకు పైగ పట్టును గనుక, ఒక వేసవి దెబ్బ ఆ యేటితో పోక రెండు మూడేండ్ల కాపున కనబడును. అందుచే మెట్ట సీమవాడు ఇంటి యవసరమునకు, గట్ల మీద, నీటికాలువ వెంబడి పది పదునైదు చెట్లు నాటుకొనుట వివేకము. తోటగ వేయుటకు గోదావరి లంకలు, డెల్టా భూములు వేరు. అచట కొబ్బరి నీడలో కోకో కూడ పండుచున్నది. నీడయు తేమయు లేనిచోట కోకోను తలపెట్టనే కూడదు.

తీరపు సీమకు తుపాను పన్ను తప్పదు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని కూల్చెను. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలను ఒక్క రాత్రిలో నేలకొరగించెను. ఇట్టి చోట్ల ఉన్న నేలనంతయు ఒకే యేట ఒకే చెట్టుతో నింపక, మూడు నాలుగు వాయిదాలలో నాటినచో అన్ని చెట్లును ఒకే వయస్సున నుండవు. లేత చెట్లు గాలికి వంగి నిలుచును. తూర్పున సరుగుడు వరుసలు గాలి వేగమును కొంత తగ్గించును. ఇసుక నేలలలో జీడిమామిడి మేలైనదే. నీరు నిలుచు పల్లములలో మాత్రము అది నిలువదు.

నీరు లేని సీమకు

పాలమూరు గుట్టల మీద సీతాఫలము ఎవరును నాటకయే పెరుగుచున్నది. అది యెట్లు బ్రతుకుచున్నదో గమనించిన రైతునకు మెట్టతోట రహస్యము తెలిసినట్లే. సీతాఫలము చలికాలపు తుదకు ఆకు రాల్చి, ఎండలు ముదిరినప్పుడు మోడై యుండి, తొలకరి తేమ తగిలిన పిదప పిందె పట్టి, ఆశ్వయుజమునకు పండును. రేగు చెట్టు వేసవిలో ఆకు రాల్చి నిద్రించి, వానలు తగ్గుముఖము పట్టినప్పుడు పూసి, చలికాలమున పండును. అనగా నీరు లేని నెలలలో ఇవి నీరు అడుగవు. మామిడి, బత్తాయి వైశాఖమున కాయను మోయుచుండగ ఇవి నిద్రపోవుచుండును. బావి లేని చెల్కకు చెట్టు నెన్నుకొనువాడు ఈ యొక్క ప్రశ్న వేసికొనిన చాలును: ఎండ ముదిరిన నెలలలో ఈ చెట్టు ఏమి చేయుచుండును?

సీతాఫలమున బాలానగరు రకము పాలమూరు జిల్లాలోని ఊరి పేరుననే వెలసినది. అయిదు మీటర్ల యెడముతో ఎకరమునకు 160 పట్టును. చింత, నేరేడు, ఉసిరి గట్ల వెంబడి నాటదగినవి. దానిమ్మ కూడ పొడి సీమ చెట్టే గాని, దానికి కొలది నీరు క్రమముగ కావలెను. నీరు హెచ్చు తగ్గులైనచో కాయ పగులును. అనంతపురమున దానిమ్మను క్రుంగదీసినది కరవు కాదు, బాక్టీరియా మచ్చ తెగులు. కాయ మీద వాన పడిన కాలములలోనే అది విజృంభించెను. కాయ వానలలో లేకుండునట్లు పూతను మార్చుకొనలేనివారు దాని జోలికి పోకుండుట మంచిది.

ఎత్తైన ప్రదేశములు

సముద్రమట్టమునకు వేయి అడుగులు పైకి పోయినకొలది సుమారు రెండు డిగ్రీల వేడి తగ్గును. సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకు, పాడేరు మన్యమున సిల్వర్‌ఓకు నీడలో కాఫీయు, ఆ చెట్లకే ప్రాకించిన మిరియపు తీగయు పండుటకు ఈ చల్లదనమే ఆధారము. అరకు కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుచున్నది. ఆ మొక్కలనే తెచ్చి విజయవాడ చెంత నాటిన ఫలమేమో వేరుగ చెప్ప నక్కరలేదు. మదనపల్లె సుమారు 700 మీటర్ల యెత్తున నున్నందున వేసవిలో సైతము టొమేటో పిందె నిలుచును. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రియు చల్లబడని మైదానములలో పూత రాలిపోవును. మదనపల్లె రైతునకు వేసవి ధర దక్కుటకు కారణము అతని మిట్ట.

క్రొత్త పేర్లు

ఏటేట ఒక క్రొత్త ఫలము పేరు వినవచ్చుచుండును. వెంటనే మొక్కలమ్మువారు బయలుదేరుదురు. ఇట్టి వానినన్నిటిని త్రోసివేయుట న్యాయము కాదు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష హైదరాబాదు చుట్టుపట్ల నిలుచుటకు ఆ రైతులు ఏటికి రెండు మారులు కత్తిరించు పద్ధతిని అలవరచుకొనిరి. చలిదేశమున తీగ తానే ఆకు రాల్చి నిద్రించును. దక్కనులో నిద్రింపదు గనుక కత్తిరింపు పని పెరిగెను. వేసవిలో కత్తిరించి కొమ్మను, ఆశ్వయుజ కార్తికములలో కత్తిరించి పూతను రప్పింతురు. ఆ తోటలలో చాలభాగమును తరువాత నగరము మ్రింగినది. అది వేరు కథ. క్రొత్త చెట్టునకు సీమ తక్కువైనచో ఆ లోటును పనితోనో ధనముతోనో పూరింపవలెనని మాత్రము దీనివలన తెలియును. ఆ పని యెంత, ఆ ధనమెంత యని ముందుగ లెక్కింపవలెను.

సాధారణమైన ఆపిలు రకములు 7 డిగ్రీలకు లోబడిన చలిని వేయి గంటల వరకు కోరును. హైదరాబాదున అట్టి చలి అరుదుగ కొన్ని రాత్రులు తగులును. కొద్ది చలితో తృప్తి నొందు రకమును ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలమున నాటగా 2020 లో కాయలు కాచెను. ఆ సీమ తెలంగాణమున మిక్కిలి చల్లనిది. ఒక తోట కాచుట వేడుకైన విషయమే. మరియొక జిల్లాలో పదెకరములు నాటుటకు అది ఆధారము కాదు.

డ్రాగను ఫలము నీరు తక్కువ కోరునను మాట నిజము, అది జెముడు జాతిది. కాని ఎండ 40 డిగ్రీలు దాటినచో దాని కాడ పసుపుబారి మాడును, నీడవలలు కావలెను. స్తంభములు, చక్రములు, మొక్కలు కలిసి ఎకరమునకు కొన్ని లక్షల వ్యయము. ఆయిలుపామునకు ఎండ భయము అంతగ లేదు. నీటి భయము గలదు. పెరిగిన చెట్టునకు దినమునకు సుమారు 200 లీటర్ల నీరు కావలెను. ఎకరమునకు 57 చెట్లు గనుక, దినమునకు 11,400 లీటర్లు. తన బోరు వైశాఖమున ఎన్ని గంటలు పోయునో, గంటకెన్ని లీటర్లో డబ్బా పెట్టి కొలిచి చూచిన పిదపనే సంతకము చేయవలెను.

పెరటి కూరలకు ఒక మాట

కూరగాయల విత్తనములలోను సీమభేదము గలదు. సంచి మీది బొమ్మ దానిని చెప్పదు. కాలీఫ్లవరులో తొలికాపు రకములు 20 మొదలు 27 డిగ్రీల వేడిలో పువ్వు కట్టును. స్నోబాలు వంటి చివరికాపు రకములకు 10 మొదలు 16 డిగ్రీల చల్లదనము కావలెను. ఆషాఢమున స్నోబాలు విత్తినచో ఆకు పెరుగునే గాని పువ్వు కుదరదు. కార్తికమున తొలికాపు రకము నాటినచో మొక్క జానెడుండగనే బొత్తాము వంటి పువ్వు వేసి ఆగిపోవును. ఉల్లికి వేడితో పాటు పగటి నిడివియు కావలెను. మన చలికాలపు పగలు పదకొండు పండ్రెండు గంటలు. చలిదేశపు ఉల్లి రకములు అంతకంటె దీర్ఘమైన పగలు లేనిదే గడ్డ ఊరవు.

నేలను త్రవ్వి చూచుట

చెట్టును నిశ్చయించిన పిదప, మొక్కలకు బయానా ఇచ్చుటకు ముందు, వేసవిలో పొలమున రెండు మూడు చోట్ల ఆరడుగుల లోతు గుంతలు తీయింపవలెను. పైన ఎర్రగ నున్న నేల మూడడుగుల క్రింద రాయి కావచ్చును, సుద్ద కావచ్చును, జిగట కావచ్చును. ఒక గుంతను నీటితో నింపి చూడవలెను. మరునాటికి ఇంకనిచో బత్తాయిని మానుకొనవలెను. పంట పొలమునకు పైమట్టి నమూనా చాలును. తోటకు అడుగడుగు లోతున వేరువేరుగ మట్టి తీసి, వేరువేరు సంచులలో గుర్తు వ్రాసి పరీక్షకు పంపవలెను. బావి నీటిని కూడ ఒక సీసాలో పంపవలెను. చౌడు నేలయందలి లోపమును ఎరువు కప్పజాలదు.

పిమ్మట ఆ చుట్టుపట్ల అదే జాతి చెట్టు, ఇరువదేండ్లకు తక్కువ కానిది, ఎక్కడనైన నున్నదేమో విచారింపవలెను. ఉన్నచో పూతకాలమున ఒకసారి, కాపుకాలమున ఒకసారి పోయి చూచి, ఆ యింటివారిని ఏ యేట కాచెనో, ఏ యేట కాయలేదో అడుగవలెను. ఒక్కటియు కనబడనిచో అంతమంది రైతులు దానినేల వేయలేదో విచారించు వరకు తొందరపడరాదు.

మొక్కలను తల్లిచెట్టు గల నర్సరీనుండి, వీలైనచో సంగారెడ్డి వంటి పరిశోధన స్థానములనుండి గాని, ఉద్యానశాఖ గుర్తించిన నర్సరీలనుండి గాని తీసికొని రసీదు పొందవలెను. రసీదు మీద రకము పేరును, వేరు మొక్క పేరును వ్రాయించుకొనవలెను. గుంతలు వేసవిలో తీసి ఎండనిచ్చి, పైమట్టిని పశువుల యెరువుతో కలిపి నింపి, రెండు మంచి వానలు పడి నేల దిగిన పిదప నాటవలెను. తొలి వేసవిలో లేతమొక్కను మాడ్చునది పడమటి యెండ. ప్రతి మొక్కకు పడమటి వైపున మూరెడు దూరములో తొలకరిలోనే కంది గింజలు నాలుగు పెట్టినచో, వేసవి నాటికి అది నిలువెత్తు నీడ యగును. కాయ కోసికొని కంపను అట్లే నిలిపి, మరుసటి తొలకరికి తీసివేయవచ్చును.